పుస్తకం మూసి చదువుకోండి: పదో తరగతి పరీక్షలకు పునశ్చరణ చేసే తీరు

సంక్రాంతి సెలవులు ముగిసేసరికి పదో తరగతిలో పాఠాలు దాదాపు పూర్తవుతాయి. అక్కడి నుంచి మార్చి దాకా మిగిలేది పునశ్చరణే. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, ఏ జిల్లాలో ఏ ఉన్నత పాఠశాలకు వెళ్లినా ఈ రెండు నెలలు ఉదయం ప్రత్యేక తరగతి, సాయంత్రం స్టడీ అవర్ ఉంటాయి. చెట్ల కింద, వరండాల్లో పిల్లలు పుస్తకం ఒళ్లో పెట్టుకొని అదే పేజీని మూడోసారి, నాలుగోసారి చదువుతుంటారు. వాళ్ల కష్టంలో లోటు లేదు. అంత కష్టానికీ రావలసినన్ని మార్కులు రావడం లేదన్నదే నా బాధ.

చదివిన పేజీనే మళ్లీ చదివితే వాక్యాలు కంటికి అలవాటవుతాయి. తర్వాతి పంక్తి ఏమిటో ముందే తెలిసిపోతుంటే పాఠం వచ్చేసిందనే నమ్మకం కలుగుతుంది. పరీక్ష గదిలో మాత్రం ఆ పేజీ ఎదురుగా ఉండదు, ప్రశ్న ఒక్కటే ఉంటుంది. జవాబును జ్ఞాపకంలో వెతికి, వరుసలో పెట్టి, కాగితం మీదికి తేవాలి. ఇంట్లో ఒక్కసారి కూడా చేయని ఆ పనిని నేరుగా పరీక్ష రోజున చేయబోతే చెయ్యి ఆగిపోతుంది. చదివినదంతా మరిచిపోయానని పిల్లలు ఏడుస్తారు. నిజానికి వాళ్లు మరిచిపోలేదు. బయటకు తీసే సాధన చేయలేదంతే.

ఈ విషయాన్ని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం తేటగా చూపించింది. ఒక గుంపు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివారు. మరో గుంపు ఒక విడత చదివి, మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే పదేపదే చదివినవారే ముందున్నారు. వారం తర్వాత అడిగితే వాళ్లకు గుర్తున్నది 40 శాతం, చూడకుండా రాసినవారికి గుర్తున్నది 61 శాతం. పరీక్ష అయిదు నిమిషాల తర్వాత ఉండదు కాబట్టి మనకు కావలసింది రెండో అంకె.

కింది పద్ధతి అంతటికీ ఆధారం ఇదే. అక్కడక్కడ మీ ఇంటికి, మీ బడికి తగ్గట్టు మార్చుకోండి. పుస్తకం మూసే పనిని మాత్రం వదలకండి.

మొదటి సాయంత్రం: ఎక్కడ ఉన్నారో తేల్చుకోండి

ముందు ప్రశ్నపత్రం తీరు తెలుసుకోవాలి. తెలంగాణలో ఒకప్పుడు పదో తరగతికి 11 పేపర్లు ఉండేవి, 2022 నుంచి ఆరయ్యాయి. సామాన్య శాస్త్రాన్ని మాత్రం భౌతిక శాస్త్రం ఒక రోజు, జీవశాస్త్రం ఇంకో రోజు గంటన్నర చొప్పున రాస్తున్నారు. రాత పరీక్షకు 80, బడిలో జరిగే అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులన్నది ఇటీవలి పద్ధతి. ఇందులోనూ మార్పుల మాట తరచూ వినిపిస్తూ ఉంది కాబట్టి ఈ ఏటి నమూనా ప్రశ్నపత్రాన్ని మీ ఉపాధ్యాయుడిని అడిగి తీసుకొని, ఏ విభాగానికి ఎన్ని మార్కులో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. అన్నయ్యో అక్కయ్యో చెప్పిన పాత లెక్క మీద ఆధారపడవద్దు.

తర్వాత సబ్జెక్టుకు ఒక పేజీ తీసుకొని పాఠాల పేర్లన్నీ చూడకుండా రాయండి. గుర్తురాని పాఠం పేరే మీకు కొంత సంగతి చెబుతుంది. ఆపైన విషయసూచిక చూసి మిగిలినవి పూరించండి. ఇప్పుడు ప్రతి పాఠం నుంచి నాలుగు మార్కుల స్థాయి ప్రశ్న ఒకటి ఎంచుకొని, జవాబులోని ముఖ్యాంశాలను మాత్రం రఫ్ నోటులో చూడకుండా రాయండి. బాగా వస్తే ఆ పాఠం పేరు పక్కన రెండు గీతలు, సగం వస్తే ఒక గీత, రాకపోతే సున్న. ఇదంతా ఒక్క సాయంత్రంలో తేలదు, మూడు నాలుగు రోజులు పడుతుంది. పట్టనివ్వండి.

ఈ గుర్తులను మీ మనసుకు తోచినట్టు వేయకండి. ఇష్టమైన పాఠం వచ్చినట్టే ఉంటుంది, కష్టమైనది అసలు రానట్టే ఉంటుంది. కాగితం మీద పడినదాన్ని బట్టే గుర్తు వేయాలి. వర్గ సమీకరణాలంటే భయపడే పిల్లలు చాలామంది వాటిని బాగానే చేస్తారు. సులువు అనుకున్న సంభావ్యతలో తప్పులు చేస్తారు.

ఖాళీ కాగితం పద్ధతి

రోజూ చేయాల్సిన అసలు పని ఇది. ఒక పాఠంలో ఒక భాగం తీసుకోండి, నాలుగైదు పేజీలు మించకూడదు. ఒక్కసారి శ్రద్ధగా చదవండి. పుస్తకం మూసి పక్క గదిలో పెట్టండి. దగ్గర ఉంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది. నీలం పెన్నుతో గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు పూర్తిగా ఉండనక్కరలేదు. పదాలు, బాణాలు, చిన్న బొమ్మలు చాలు. ఇక ఏమీ రావడం లేదనిపించాక మరో రెండు నిమిషాలు అలాగే కూర్చోండి. ఆ రెండు నిమిషాలు ఇబ్బందిగా ఉంటాయి. చాలామంది అక్కడే పుస్తకం తెరిచేస్తారు. కానీ ఆ వెతుకులాటలోనే జ్ఞాపకం గట్టిపడుతుంది. ఆ తర్వాత పుస్తకం తెచ్చి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో పూరించండి.

మరునాడు పాఠమంతా మళ్లీ చదవక్కరలేదు. ఎర్ర సిరాతో రాసినవాటిని చూడకుండా చెప్పగలుగుతున్నారో లేదో పరీక్షించుకోండి. రెండు మూడు రోజుల్లో ఎరుపు తగ్గుతూ వస్తుంది.

ఒక పాఠంలో చేసి చూపిస్తాను. భౌతిక శాస్త్రంలో పుటాకార దర్పణం ఏర్పరిచే ప్రతిబింబాలు తీసుకోండి. వస్తువు ఉండే చోటును బట్టి ఆరు సందర్భాలు, ఆరు కిరణ చిత్రాలు. చాలామంది ఆ ఆరు బొమ్మలనూ పట్టికనూ బట్టీ పడతారు. రెండు రోజులకు ఏది ఎక్కడిదో కలిసిపోతుంది. దానికి బదులు మూడు నియమాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణం పరావర్తనం చెంది నాభి గుండా పోతుంది. నాభి గుండా వచ్చిన కిరణం ప్రధానాక్షానికి సమాంతరంగా పోతుంది. వక్రతా కేంద్రం గుండా వచ్చినది వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. ఇప్పుడు ఖాళీ కాగితం మీద దర్పణం గీసి, వస్తువును వక్రతా కేంద్రానికి అవతల పెట్టి, వీలైన రెండు కిరణాలు గీయండి. అవి కలిసిన చోటు నాభికీ వక్రతా కేంద్రానికీ మధ్య వస్తుంది, ప్రతిబింబం చిన్నగా, తలకిందులుగా ఉంటుంది. వస్తువును వక్రతా కేంద్రం దగ్గర పెడితే ప్రతిబింబం అక్కడే, అదే పరిమాణంలో వస్తుంది. ఇంకాస్త లోపలికి జరిపితే ప్రతిబింబం బయటకు జరిగి పెద్దదవుతుంది. నాభి మీద పెడితే కిరణాలు సమాంతరమై కలవవు. నాభికీ ధ్రువానికీ మధ్య పెడితే కిరణాలు విడిపోతాయి, వాటిని దర్పణం వెనక్కి పొడిగిస్తే నిటారుగా, పెద్దదిగా ఉండే మిథ్యా ప్రతిబింబం దొరుకుతుంది. చాలా దూరంలో ఉన్న వస్తువు నుంచి కిరణాలు సమాంతరంగా వస్తాయి కాబట్టి ప్రతిబింబం నాభి వద్దే. బట్టీ పట్టినది ఏమీ లేదు, అన్నీ మీరే రాబట్టారు. పరీక్షలో వస్తువు దూరం, నాభ్యంతరం ఇచ్చి లెక్క అడిగినా, వచ్చిన జవాబు సరైనదో కాదో ఈ బొమ్మే చెబుతుంది.

ప్రతి పాఠంలో ఇలాంటి వేరు ఒకటి ఉంటుంది. దాన్ని వెతకడానికి పట్టే సమయం వృథా కాదు.

ఎప్పుడెప్పుడు మళ్లీ చూడాలి

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరుస్తున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది. ఒకే రోజు నాలుగు గంటలు ఒకే పాఠం మీద కూర్చోవడం కంటే ఆ సమయాన్ని రోజుల మీద పంచితే ఎక్కువ నిలుస్తుందని ఆ తర్వాతి పరిశోధనలూ చెబుతూ వచ్చాయి. 2013లో జాన్ డన్లాస్కీ బృందం పది రకాల చదువు పద్ధతులను పరిశీలించి, తమను తాము పరీక్షించుకోవడాన్నీ ఎడం ఇచ్చి చదవడాన్నీ అన్నిటికంటే ఎక్కువ ఉపయోగకరమైనవిగా తేల్చింది. మళ్లీ మళ్లీ చదవడం, వాక్యాల కింద గీతలు గీయడం అడుగున నిలిచాయి. రంగు రంగుల హైలైటర్లు కొనే డబ్బుతో రెండు రఫ్ నోటుబుక్కులు కొనుక్కోవడం మేలు.

సోమవారం ఒక పాఠానికి ఖాళీ కాగితం పద్ధతి చేశారనుకోండి. మంగళవారం పది నిమిషాలు, శుక్రవారం పది నిమిషాలు, మరుసటి శుక్రవారం ఒకసారి, ఆ తర్వాత రెండు వారాలకు ఒకసారి. నోటుబుక్కు చివరి పేజీల్లో పాఠం పేరు, చూడాల్సిన తేదీలు రాసి, చూసిన తేదీని కొట్టేస్తూ వెళ్లండి. ఒక తేదీ తప్పిపోతే మరునాడు చూడండి. పట్టిక చెడిపోయిందని పక్కన పడేయవద్దు.

చిన్న చిన్న విషయాలకు కార్డులు మంచివి. సూత్రాలు, సంవత్సరాలు, నానార్థాలు, సంయోజకతలు, ఆంగ్ల పదాలకు అర్థాలు వంటివి వీటికి సరిపోతాయి. కార్డులు కొనక్కరలేదు. ప్రతి ఇంట్లో పాత పెళ్లి పత్రికలు ఉంటాయి, వెనుకవైపు ఖాళీగా ఉన్నవాటిని అగ్గిపెట్టెకు రెండింతల సైజులో కత్తిరించి రెండేసి అతికించండి. ఒకవైపు ప్రశ్న, మరోవైపు జవాబు. ఒక కార్డుకు ఒకే ప్రశ్న. ‘మూత్రపిండం గురించి రాయండి’ అని రాస్తే ఆ కార్డు పనికిరాదు, ‘నెఫ్రాన్‌లో వడపోత జరిగే భాగం ఏది?’ అని రాస్తే వెనక ‘రక్తకేశనాళికా గుచ్ఛం’ అని రాయవచ్చు. వీటిని తిప్పే పద్ధతిని సెబాస్టియన్ లీట్నర్ అనే జర్మన్ రచయిత 1972లో ప్రచారంలోకి తెచ్చాడు. మూడు డబ్బాలు పెట్టుకోండి. మొదటిది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. జవాబు సరిగ్గా వస్తే కార్డు తర్వాతి డబ్బాకు పోతుంది, తప్పితే ఏ డబ్బాలో ఉన్నా తిరిగి మొదటి డబ్బాకే వస్తుంది. అలా రానివాటిని రోజూ చూస్తూ, వచ్చేసినవాటి మీద సమయం పోకుండా చూసుకుంటారు. జవాబు నోటితో చెప్పాకే కార్డు తిప్పాలి. తిప్పి చూసి ‘ఇది నాకు తెలిసిందే’ అనుకుంటే కార్డు చూసి లాభం లేదు.

గణితంలో కలిపి చేయండి

అభ్యాసం వరుసలో లెక్కలు చేసుకుంటూ పోతే ప్రతి లెక్కకూ పద్ధతి ముందే తెలిసిపోతుంది. త్రికోణమితి అనువర్తనాల అభ్యాసంలో ఉన్న లెక్కకు త్రికోణమితే కదా వాడతాం. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడమే అక్కడ సగం పని, అభ్యాసాల్లో సాధన దొరకనిదీ అదే.

ఒక దీపస్తంభం నీడ లెక్కనే చూడండి. మనిషి ఎత్తు, మనిషి నీడ పొడవు, స్తంభం నీడ పొడవు ఇచ్చి స్తంభం ఎత్తు అడిగితే అది సరూప త్రిభుజాల లెక్క. నీడ పొడవు, సూర్యుని ఊర్ధ్వకోణం ఇస్తే త్రికోణమితి. బొమ్మ ఒకటే, ఇచ్చిన సమాచారం వేరు. రెంటినీ వేర్వేరు వారాల్లో చేసిన పిల్లవాడికి ఆ తేడా ఎప్పుడూ ఎదురుపడదు. 2007లో డగ్ రోరర్, కెల్లీ టేలర్ ఘనపరిమాణాల లెక్కలతో ఇదే పరీక్షించారు. ఒక రకం పూర్తయ్యాక ఇంకో రకం చేసినవారు సాధన సమయంలో మెరుగ్గా కనిపించారు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో కలగలిపి చేసినవారు వాళ్లను చాలా వెనక్కి నెట్టారు.

వారంలో రెండు రోజులు ఇలా చేయండి. వేర్వేరు పాఠాల నుంచి పది లెక్కలను చీటీల మీద రాసి డబ్బాలో వేసి కలపండి. ఒక్కో చీటీ తీసి, లెక్క చేయడానికి ముందు అది ఏ పాఠానిదో, ఏ సూత్రంతో మొదలుపెట్టాలో ఒక వాక్యంలో రాయండి. ఆ తర్వాతే లెక్క. సమయం తక్కువ ఉన్న రోజు ఆ వాక్యాలు మాత్రమే రాసి వదిలేసినా మేలే.

తప్పుల పుస్తకం ఒకటి విడిగా పెట్టండి. గణితానికి ఇది తప్పనిసరి, మిగతా సబ్జెక్టులకూ మంచిది. తప్పయిన ప్రతి లెక్కనూ అందులో రాసి, పక్కన కారణం రాయండి. పద్ధతి తెలియదా? పద్ధతి తెలిసీ రుణ గుర్తు వదిలేశారా, కూడిక తప్పిందా? ప్రశ్ననే సరిగ్గా చదవలేదా? ‘అజాగ్రత్త’ అని ఒక్క మాటలో రాసి వదిలేయవద్దు. ఎక్కడ, ఏ మెట్టులో జరిగిందో రాయండి. పేజీలు పెరిగేకొద్దీ అదే రకం తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకరికి విచక్షణి కట్టేటప్పుడు గుర్తులు తప్పుతాయి, ఇంకొకరికి అంకశ్రేఢిలో పదాల సంఖ్య ఒకటి తక్కువ వస్తుంది. పరీక్షకు ముందు రోజు చదవడానికి ఈ పుస్తకాన్ని మించినది ఏ గైడులోనూ దొరకదు.

సాంఘికం, జీవశాస్త్రం, భాషలు

సాంఘిక శాస్త్రానికి పటం ముఖ్యం. భారతదేశ పటాన్ని అచ్చు మీద పెట్టి దిద్దడం మానేసి, చేత్తో గీయడం నేర్చుకోండి. వంకరగా వచ్చినా ఫర్వాలేదు. కర్కటరేఖ పోయే ఎనిమిది రాష్ట్రాలను పడమర నుంచి తూర్పుకు వేలితో చూపిస్తూ చెప్పండి: గుజరాత్, రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మిజోరం. మధ్యలో ఒకటి తప్పితే మొదటి నుంచి మొదలు. నదుల పాఠానికి మన నేలనే పట్టుకోండి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్‌లో ఆగి, కాకతీయ కాలువగా కరీంనగర్, వరంగల్ పొలాలకు వస్తుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. తెలిసిన ఊళ్ల మీదుగా ఒక నదిని పట్టుకుంటే మిగతా నదుల ఉపనదులు, ప్రాజెక్టులు దాని పక్కన పేర్చుకోవచ్చు.

ప్రతి అంశానికీ ‘ఎందుకు’ అని అడగడం ఇంకో మంచి అలవాటు. పశ్చిమ కనుమలకు పడమటి వైపు వర్షం కుండపోతగా పడితే తూర్పు వైపు ఎందుకు తగ్గుతుంది? గాలి కొండ ఎక్కుతూ చల్లబడి వర్షిస్తుంది, దిగేటప్పటికి తేమ తగ్గి ఉంటుంది. ఆ కారణం తెలిస్తే వర్షపాతపు పటం దానంతటదే గుర్తుంటుంది. తెలంగాణ ఉద్యమం పాఠంలో సంవత్సరాలు తడబడతాయి. 1952 ముల్కీ ఆందోళన, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, 2014 జూన్ 2 రాష్ట్ర అవతరణ. ముల్కీ ఆందోళన మొదలైంది వరంగల్‌లోనే. 1969 నాటికి చదువుకుంటున్న తాతయ్యలు చాలా ఇళ్లలో ఉన్నారు. అప్పుడు ఏం జరిగిందో ఒక సాయంత్రం అడిగి, వాళ్లు చెప్పినదాన్ని పాఠంతో పోల్చి చూడండి.

జీవశాస్త్రంలో బొమ్మలకు మార్కులు నమ్మకంగా వస్తాయి. హృదయం నిలువుకోత, నెఫ్రాన్, నాడీకణం, పుష్పం నిలువుకోత వంటివి పెన్సిలుతో నాలుగైదు నిమిషాల్లో వేయగలగాలి. అందమైన బొమ్మకు అరగంట ఇచ్చేంత సమయం పరీక్షలో లేదు. భాగాల పేర్లు లేని బొమ్మలు కొన్ని ముందే గీసి పెట్టుకొని, వాటి మీద పేర్లు గుర్తించే సాధన చేయండి.

తెలుగులో పద్యం నోటికి రావాలి, తర్వాత ప్రతిపదార్థం, చివర భావం. ఈ వరుస మార్చవద్దు. పద్యాన్ని గొంతెత్తి పాడండి. మనసులో చదివిన పద్యం పాదం మధ్యలో ఆగిపోతుంది. బమ్మెర పోతన నడిచిన నేల మీద పుట్టినవాళ్లం, పద్యాన్ని చిన్న గొంతుతో చదవడానికి సిగ్గుపడాలి. హిందీని చివరి వారానికి వదిలేసేవాళ్లు చాలామంది ఉంటారు. రోజుకు పావుగంట హిందీకి కేటాయించి, రెండు పంక్తులు చూసి, మూసి, రాయండి. అక్షరదోషాలు అలా తప్ప పోవు. ఆంగ్లంలో లేఖలు, సంభాషణలు కంఠస్థం చేయకుండా కొత్త అంశం ఇచ్చుకొని రాయండి.

ఇంట్లో లంబాడీ, కోయ మాట్లాడే పిల్లలకూ, తెలుగు ఇంట్లో ఉంటూ ఆంగ్ల మాధ్యమంలో చదివేవారికీ ఒక మాట. పాఠాన్ని ముందు మీ ఇంటి భాషలో అమ్మకో చెల్లికో వివరించండి. అక్కడ తడబడితే మీకు అర్థం కాలేదన్నమాట. తడబడకుండా చెప్పగలిగితే పరీక్ష భాషలో పదాలు వెతుక్కోవడం ఒక్కటే మిగులుతుంది. అర్థం కానిదాన్ని పరాయి భాషలో బట్టీ పట్టడం కంటే బరువైన పని లేదు.

రోజును ఎలా పంచుకోవాలి

ఉదయం ప్రత్యేక తరగతి, పగలు బడి, సాయంత్రం స్టడీ అవర్ పోగా సొంతానికి మిగిలేది రెండున్నర, మూడు గంటలు. దాన్ని 40 నిమిషాల ముక్కలు చేసి మధ్యలో పది నిమిషాలు లేచి తిరగండి. తెల్లవారుజామున కష్టమైన సబ్జెక్టు, రాత్రి భోజనం తర్వాత కార్డులు. ఒకే రాత్రి ఒకే సబ్జెక్టు పట్టుకోకుండా రెండు తీసుకోండి. ఫోనులో వీడియో పాఠాలు చూడవచ్చు కానీ చూసిన వెంటనే ఫోను పెద్దవాళ్ల చేతికిచ్చి ఖాళీ కాగితం తీయాలి. అలా చేయని రోజు చూడకపోవడమే మంచిది.

స్టడీ అవర్‌లో ఉపాధ్యాయులను ఒక కోరిక కోరుతున్నాను. గంట సేపు నిశ్శబ్దంగా చదివించే బదులు, చివరి ఇరవై నిమిషాలు పుస్తకాలు బ్యాగుల్లో పెట్టించి రాయించండి. దిద్దాల్సిన పని లేదు, పిల్లలే ఎర్ర పెన్నుతో దిద్దుకుంటారు. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉండే పిల్లలు గది మిత్రులతో కార్డులు మార్చుకొని ఒకరినొకరు ప్రశ్నలు అడగవచ్చు. నలుగురి కంటే ఎక్కువమంది చేరితే మాటల్లో పడిపోతారు.

అందరి ఇళ్లలో బల్ల, కుర్చీ, వేరే గది ఉండవు. జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర మిరప ఏరే కాలం. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలు వెళ్లే ఈ రోజుల్లోనే పదో తరగతి పిల్లలు ఆదివారాలు, కొందరు బడి రోజుల్లోనూ చేలోకి వెళ్తారు. చేతులు పనిలో ఉన్నా నోరు ఖాళీగానే ఉంటుంది. సాలు మొదట్లో ఒక ప్రశ్న అనుకొని, సాలు చివరికి వచ్చేలోపు జవాబు పూర్తిగా చెప్పుకోండి. ఇంటికి వచ్చాక రానివాటిని మాత్రం పుస్తకంలో చూడండి. ఇది చదువు కాదని ఎవరన్నా నమ్మకండి, చూడకుండా చెప్పడమే కదా మనకు కావలసింది. అయినా తల్లిదండ్రులను వేడుకుంటున్నాను, ఫిబ్రవరి నడిమి నుంచి బడి రోజుల్లో పిల్లలను పనికి పంపకండి.

ఇంట్లో చోటు లేనివారు దగ్గర్లోని గ్రంథాలయాన్ని వాడుకోండి. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం నుంచి మండల కేంద్రాల్లోని శాఖా గ్రంథాలయాల దాకా మన ప్రాంతానికి ఈ విషయంలో పాత పేరుంది.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది, అంటే సరిగ్గా పునశ్చరణ మధ్యలో. వెళ్లాలా వద్దా అని పిల్లలు అడుగుతారు. ఇంటిల్లిపాదీ వెళ్తుంటే వెళ్లి రండి. ఎడం రావడం వల్ల నష్టం లేదు, తిరిగి వచ్చిన రోజు ఏం చేస్తారన్నదే లెక్క. ఆ రోజు కొత్త పాఠం తెరవకుండా, జాతరకు ముందు చేసిన మూడు పాఠాలకు ఖాళీ కాగితం పెట్టుకోండి.

నిద్ర తగ్గించవద్దు. పగలు నేర్చినది నిద్రలోనే కుదురుకుంటుంది. రాత్రంతా మేల్కొని చదివితే ఆ రాత్రిదే కాదు, మరునాడు తరగతిలో విన్నది కూడా పోతుంది.

పాత ప్రశ్నపత్రాలతో నిజమైన పరీక్ష

ఫిబ్రవరి నుంచి ప్రతి ఆదివారం ఒక పేపర్. ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చోండి, అసలు పరీక్ష మొదలయ్యేదీ అప్పుడే. గడియారం పెట్టుకొని, నీళ్ల సీసా తప్ప ఏమీ దగ్గర లేకుండా పూర్తి సమయం రాయండి. మూడు గంటలు ఆగకుండా రాసే అలవాటు చేతికి లేకపోతే చివరి అరగంటలో అక్షరాలు అలుక్కుపోతాయి. పార్ట్-బి బిట్లకు అరగంట విడిగా ఉంచండి. బిట్లను తక్కువగా చూడవద్దు, 80లో 20 మార్కులు అక్కడివే.

దిద్దడం రాయడమంత ముఖ్యం. స్నేహితుడితో పేపర్లు మార్చుకొని పాఠ్యపుస్తకం చూసి దిద్దండి. దిద్దేటప్పుడు ఎదుటివాడి జవాబులో ఏం లేదో కనిపిస్తుంది, తర్వాత మన జవాబులోనూ అదే వెతుకుతాం. ప్రీఫైనల్ పేపర్లు చేతికొచ్చాక మార్కులు చూసి మడిచి పెట్టేయకుండా, పోయిన ప్రతి మార్కునూ తప్పుల పుస్తకంలోకి ఎక్కించండి.

ఆలస్యంగా మొదలుపెట్టినవారికి

నెల రోజులే మిగిలి, సున్నలే ఎక్కువ ఉంటే అన్ని పాఠాలూ పట్టుకోవద్దు. ఉత్తీర్ణతకు 35 శాతం కావాలి. సబ్జెక్టుకు ఒక గీత ఉన్న పాఠాలను ముందు రెండు గీతలకు తెండి. సగం వచ్చినదాన్ని పూర్తి చేయడం మొత్తం రానిదాన్ని మొదలుపెట్టడం కంటే త్వరగా అవుతుంది. ఆ తర్వాత ఉపాధ్యాయుడిని అడిగి, సున్నల్లో సులువైన మూడు పాఠాలు ఎంచుకోండి. గణితంలో సమితులు, సాంఖ్యక శాస్త్రం, నిరూపక జ్యామితిలో దూర సూత్రం లెక్కలు, బహుపదుల గ్రాఫు వంటివి తక్కువ రోజుల్లో పట్టుబడతాయి. సైన్సులో బొమ్మలు, సాంఘికంలో పటం, అన్నిట్లో బిట్లు. చిన్నవి వరుసగా రావడం మొదలైతే మిగతావాటికి ధైర్యం వస్తుంది.

తల్లిదండ్రులకు

‘చదివావా?’ అని అడిగితే ‘చదివాను’ అనే వస్తుంది. ‘ఈ రోజు ఏం గుర్తుందో నాకు చెప్పు’ అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, పిల్ల ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడుముకుందో మీకు తెలుస్తుంది. కూర తరుగుతూ వినవచ్చు, బీడీలు చుడుతూ వినవచ్చు. సింగరేణిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పడుకునే ముందు పది నిమిషాలు వినవచ్చు. పక్కింటి పిల్లల మార్కులతో పోల్చడం మాత్రం ఈ రెండు నెలలు పూర్తిగా ఆపేయండి.

పరీక్షల రోజుల్లో

చివరి వారం కొత్త పాఠాలు తెరవకండి. తప్పుల పుస్తకం, మొదటి డబ్బాలో మిగిలిన కార్డులు, ఎర్ర సిరా పేజీలు, ఇవే చాలు. ముందు రోజు సాయంత్రమే హాల్ టికెట్, రెండు పెన్నులు, పెన్సిలు, స్కేలు, పరీక్ష అట్ట సంచిలో పెట్టి పది గంటలకల్లా పడుకోండి. కేంద్రం వేరే ఊళ్లో ఉంటే ఒకరోజు ముందుగా వెళ్లి దారి, బస్సు వేళ చూసి రండి. మార్చి ఎండ సంగతి తెలిసిందే, అన్నం తినకుండా బయలుదేరవద్దు. గేటు దగ్గర ‘ఈ ప్రశ్న వస్తుందట’ అని చెప్పేవారి దగ్గర ఆగకండి.

పేపర్ చేతికి రాగానే మొత్తం ఒకసారి చదివి, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి. ఒక జవాబు మధ్యలో ఆగిపోతే అక్కడ కొన్ని పంక్తులు ఖాళీ వదిలి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి. వేరే జవాబు రాస్తుండగా అది గుర్తొస్తుంది, అప్పుడు వెనక్కి వచ్చి పూరించండి. ప్రశ్నల సంఖ్యలు సరిగ్గా వేయడం మరవకండి.

బయటకు వచ్చాక ఏ జవాబు సరైనదో ఆ రోజు చర్చించవద్దు. ఇంటికి వెళ్లి తిని, గంటసేపు పడుకొని, లేచాక తర్వాతి సబ్జెక్టు తప్పుల పుస్తకం తీయండి. రెండు పేపర్ల మధ్య సెలవు రోజులుంటే మొదటి రోజు పాత ప్రశ్నపత్రం ఒకటి రాసి, రెండో రోజు అందులో పోయినవి చూడండి. ఏదైనా ఒక పేపర్ చెడితే ఆ సంగతి ఇంట్లో అదే రోజు చెప్పేయండి. తప్పినవారికి జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, అప్పటికి ఈ కార్డులూ తప్పుల పుస్తకమూ మళ్లీ పనికొస్తాయి కాబట్టి పరీక్షలు ముగిశాయని వాటిని పడేయకండి.